చీపురుకర్ర పరీక్ష

మేరీపోర్ట్‌లో మార్చి నెల.
గరాజ్ తలుపు కింది సందులోంచి
సముద్రం తన చలిని లోపలికి తోస్తోంది,
ఎవరూ అడగని కరపత్రంలా.

నాలుగేళ్లుగా కడుతున్నాను ఈ కారుని.
పాత ఫోర్డ్ ఇంజిను, ఎవరో వదిలించుకున్న గేర్‌బాక్సు,
నా సుత్తి కింద ఒంపు తిరిగిన అల్యూమినియం తొడుగు.
పైకప్పు లేదు. తలుపుల్లేవు.
కూర్చుంటే రోడ్డుకీ నాకూ మధ్య జానెడు.

వచ్చినవాళ్లంతా దాని ముక్కు చూసి మెచ్చుకున్నారు.
మా అక్క థోరా మాత్రం
చుట్టూ ఒకసారి తిరిగి
టీ కప్పు మడ్‌గార్డ్ మీద పెట్టి అడిగింది:
"తిరగబడితే?"

ఇది తిరగబడే రకం కాదన్నాను.
ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి.
మారు మాట్లాడకుండా కప్పు తీసుకుని వెళ్లిపోయింది.
రేకు మీద తడి సున్నా మిగిలింది.
పొద్దున దాకా అది ఆరలేదో,
నేనే తుడవలేదో.

వర్కింగ్‌టన్‌లో ఇస్మే అని ఒక ముసలాయన
అతుకు లేని ఉక్కు గొట్టాన్ని
ఊపిరి బిగబట్టి వంచుతాడు.
వంపులో ఒక్క ముడత కనిపించినా
పక్కకి విసిరేసి ఇంకోటి అందుకుంటాడు.
"కాళ్ల కింద మందపాటి పలకలు వెయ్యి" అన్నాడు,
"లేకపోతే దెబ్బ పడ్డ రోజు
గొట్టం నీ నేలరేకుని అప్పడంలా పొడుచుకుని దిగుతుంది.
మూల నుంచి మూలకి అడ్డకడ్డీ మర్చిపోకు.
అది లేకపోతే నీది పెళ్లిపందిరి తోరణం."

తరవాత పట్టీలు.
నడుం పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద.
మెత్తటి చోట బిగిస్తే కాపాడేదే కోస్తుంది.
భుజం పట్టీలు వెనక్కి సాగాలి, నేలకి దిగకూడదు,
దిగితే వెన్నుపూసల్ని దొంతరలా నొక్కేస్తాయి.
అంచున కుట్టిన చీటీ మీద గడువు తేదీ,
పాలసీసాకి ఉన్నట్టే.
ఎండకీ చమురుకీ ఆ నేత ముసలిదవుతుందట.
నా ఒంటి మీద ఎంత వెతికినా
అలాంటి చీటీ దొరకలేదు.

చివర్న ఇస్మే చెప్పిన పరీక్ష.
పొడుగు చీపురు తల ఊడదీసి
కర్రని తోరణం మీంచి బానెట్ దాకా ఆనించాలి.
హెల్మెట్ పెట్టిన తల దానికి తగలకూడదు.
నేను కూర్చున్నాను.
నెత్తికీ కర్రకీ మధ్య నాలుగు వేళ్ల సందు.
ఈల వేశాను.
పక్క సీట్లో థోరాని కూర్చోమన్నాను,
పట్టీ పొడవు చూద్దామనే, ఇంకేం కాదు.

టక్.

ఎవరో తలుపు తట్టినట్టు, చిన్న చప్పుడు.

అక్క నాకన్నా అరచేయెత్తు పొడవు.
అరవై ఒక్క ఏళ్లుగా తెలుసు నాకు.
టేపు చేతిలో ఉన్న రోజునే గుర్తు రాలేదు.
"పర్లేదులే, వంగి కూర్చుంటా" అంది.
వంగి కూర్చుంటుందట!
సగం ఊరిని స్కూలుకీ సంతకీ
నిటారుగా కూర్చుని మోసిన మనిషి.

నల్లరంగు మూడు పూతలూ ఆరి మెరుస్తున్నాయి.
ఆమెని దింపి, గ్రైండర్ ప్లగ్గు పెట్టాను.
రవ్వలు లేచినంతసేపూ
గడపలో నిలబడి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని,
"నా కోసం కొయ్యకురా" అంటూనే ఉంది.
వినపడనట్టు నటించడానికి
గ్రైండర్ కన్నా మంచిది లేదు.

ఇస్మే ఏమీ అడగలేదు,
అయిదంగుళాలు పెంచి మళ్లీ వంచాడు.
ఇప్పుడు నా కారు
వీపున గంప ఎత్తుకున్నట్టుంది.
ముక్కు మెచ్చినవాళ్లు మూతి విరిచారు.

ఆదివారం అక్క మళ్లీ కూర్చుంది.
పట్టీలన్నీ ఒక్క బకిల్‌లో కలిసి క్లిక్కుమన్నాయి.
కర్ర పట్టుకున్నాను. ఆమె తల మీద
నాలుగు వేళ్లు, ఇంకో వేలు కూడా పడుతుంది.
"మరి తిరగబడితే?" అంది, ఈసారి నవ్వుతూ.
ఏం చెప్పాలో తెలీక
చీపురు తలని కర్రకి తిరిగి బిగించాను.
ఊడవాలి.
నేలంతా ఉక్కు రజను.